రెండు మార్కుల ప్రశ్న

పుట్టపర్తి నారాయణాచార్యుల గురించి మా వైపు అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. ఇంకా మీసం కూడా రాని వయసులో పెనుకొండలో ఉంటూ ‘పెనుగొండ లక్ష్మి’ అనే కావ్యం రాశారు. కొన్నేళ్ళకు విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ కావ్యమే పాఠ్యపుస్తకంగా ఎదురైంది. తన పుస్తకం మీద తనకే ప్రశ్న. రెండు మార్కుల ప్రశ్న అంటారు. దానికి నలభై పేజీల జవాబు రాస్తూ కూర్చున్నారట. టైమైపోయింది. పరీక్ష పోయింది. చెప్పే మనిషిని బట్టి మార్కులూ పేజీలూ కొంచెం అటూ ఇటూ అవుతుంటాయి గానీ నవ్వు మాత్రం ఎవరు చెప్పినా ఒకేచోట వస్తుంది. సొంత పుస్తకం మీదే ఫెయిలైన కవి!

ఈ మధ్య ఈ కథ కొత్త చొక్కా వేసుకుని తిరుగుతోంది. సభ అయిపోయాక టీ తాగుతూ ఎవరో ఒకరు అంటారు: “అది పక్కా హైపర్‌ఫోకస్ బాస్. ఆయనకు ఏడీహెచ్‌డీ ఉండే ఉంటుంది.” ఇంకొకరు అందుకుంటారు: “పద్నాలుగు భాషలు వచ్చిన మనిషి మనలాగా ఎలా ఉంటాడు? ఆటిజం స్పెక్ట్రమ్ మీద ఎక్కడో ఉంటాడు.” ఆ తర్వాత లిస్టు మొదలవుతుంది. ఐన్‌స్టీన్, న్యూటన్, మన రామానుజన్. చివరికి చెప్పేవాళ్ళు తమను కూడా ఆ లిస్టులో కొంచెం వెనక వరసలో కూర్చోబెట్టుకుంటారు. “మనందరం కొంచెం కొంచెం ఆటిస్టిక్కే కదా” అని.

కాదు. మనందరం కాదు.

చనిపోయినవాళ్ళకు డయాగ్నసిస్ రాయడం నాకు నచ్చదు. డయాగ్నసిస్ అంటే జాతకం కాదు. చిన్నప్పటి ఎదుగుదల చరిత్ర కావాలి, ఇంట్లోవాళ్ళు చెప్పాలి, రోజువారీ జీవితంలో ఏది ఎంత కుంటుపడిందో చూడాలి. ఒక పరీక్ష హాలు కథ దానికి చాలదు. పైగా అందులో దొంగతనం కూడా ఉంది. పుట్టపర్తివారి పాండిత్యం వెనక తండ్రి చెప్పిన చదువుంది, పెనుకొండలో సబ్‌కలెక్టర్ భార్య పిట్ దొరసాని కూర్చోబెట్టి చదివించిన ఇంగ్లీషు కావ్యాలున్నాయి, తిరుపతిలో సంస్కృతం చదువు ఉంది, జీవితమంతా చేసిన గొడ్డు చాకిరీ ఉంది. అదంతా తీసేసి “బ్రెయిన్ అట్లా ఉంది కాబట్టి” అంటే ఆయన కష్టాన్ని కొట్టేసినట్టే. అయినా నా అసలు గొడవ ఇది కాదు.

ఆ కథకు మనం నవ్వగలుగుతున్నాం, ఎందుకు? ఆయన తర్వాత ‘శివతాండవం’ రాశారు కాబట్టి. సరస్వతీపుత్రుడు అనిపించుకున్నారు కాబట్టి. 1972లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి. అవేవీ రాకుండా, నలభై పేజీల జవాబు రాసిన కుర్రాడు నలభై పేజీల దగ్గరే ఆగిపోయి ఉంటే? ఏదో చిన్న ఊళ్ళో గుమాస్తాగా ఉండి, సాయంత్రాలు విజయనగరం గురించి మాట్లాడి మాట్లాడి వీధిలో అందరినీ విసిగించి పోయి ఉంటే? అప్పుడది కథ కాదు. “పాపం, పిల్లోడికి ఏందో తిక్క” అనే ఒక్క మాట. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వీధుల్లో అలాంటి పిల్లలు ఎప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మనం గౌరవించేది ఆ పిల్లవాడి ఇష్టాన్ని కాదు, అది తర్వాత తెచ్చిన రసీదుని. ఆ రసీదు అడగడం ఆపాలన్నదే ఈ వ్యాసంలో నా మాట.

ముందు కొంచెం విషయం. ఆటిజం ఉన్న చాలామందికి ఒకటో రెండో విషయాల మీద గాఢమైన, ఏళ్ళతరబడి నిలిచే ఆసక్తి ఉంటుంది. ఇంగ్లీషులో ‘స్పెషల్ ఇంటరెస్ట్’ అంటున్నారు. అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్ఎమ్, 2013 నాటి అయిదో కూర్పులో దాన్నే తీవ్రతలోనో విషయంలోనో అసహజంగా ఉండే, పరిమితమైన, అతుక్కుపోయిన ఆసక్తులు అన్న అర్థం వచ్చే మాటలతో రోగలక్షణాల కింద రాసింది. ఏడీహెచ్‌డీ సంగతి ఇంకా తమాషా. ఆ ఉన్నవాళ్ళు అందరూ చెప్పే హైపర్‌ఫోకస్, అంటే ఒకదాంట్లో మునిగితే ఆకలీ దాహమూ ఫోన్ రింగూ ఏదీ వినపడకపోవడం, ఆ గ్రంథం ఇచ్చిన లక్షణాల జాబితాలో లేనే లేదు. ధ్యాస లేకపోవడం ఉంది. ధ్యాస ఎక్కువైపోవడం లేదు. 2013కు ముందు ఒకే మనిషికి రెండు డయాగ్నసిస్‌లూ ఇవ్వకూడదనే నియమం కూడా ఉండేది. ఇప్పుడు ఇస్తున్నారు. నాకు బెంగుళూరులో ముప్పై రెండేళ్ళకు ఒకటి ఇచ్చారు. మా అక్క కొడుక్కి హిందూపురంలో ఉండగానే ఆరేళ్ళకు రెండూ ఇచ్చారు.

ఈ రెండిటికీ కలిపి ఒక వివరణ ఉంది. డైనా మరే, మైక్ లెసర్, వెన్ లాసన్ అనే ముగ్గురు 2005లో రాసిన వ్యాసంలో దాన్ని ‘మోనోట్రోపిజమ్’ అన్నారు. వాళ్ళు రాసింది ఆటిజం గురించే గానీ ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళు కూడా చాలామంది అందులో తమను చూసుకున్నారు. మా జిల్లా భాషలో చెప్తాను. చాలామంది ధ్యాస చెరువు లాంటిది. పరుచుకుంటుంది, లోతు తక్కువైనా పది పొలాలకు పారుతుంది. కొందరి ధ్యాస బోరు లాంటిది. ఒకేచోట దిగుతుంది, దిగితే ఆగదు. ఆ సమయంలో పక్క పొలంలో ఏం జరుగుతోందో దానికి తెలీదు. మధ్యలో రాడ్డు పట్టుకుని పైకి లాగితే ఏమవుతుందో బోరు బండివాళ్ళను అడగండి.

ఆటిజంలో ఆ బోరు ఎక్కడ వేసిందో అక్కడే ఏళ్ళపాటు దిగుతూ ఉంటుంది. ఏడీహెచ్‌డీలో మాత్రం ఎప్పుడు ఎక్కడ దిగుతుందో బండి ఓనరుకే తెలీదు. రెండిట్లోనూ స్టీరింగ్ పూర్తిగా మన చేతిలో లేదు. ఇది ముఖ్యం. దీన్ని మళ్ళీ తీస్తాను.

సరే, “తీవ్రతలో అసహజం” అన్నారు కదా. హిందూపురం వాడిగా నాకు ఆ మాట మీద పెద్ద అనుమానం. 1985లో ఎన్టీ రామారావు ఇక్కడి నుంచి గెలిచినప్పటి నుంచీ మా ఊరికి ఆ కుటుంబంతో ఉన్న బంధం మీకు తెలుసు. మా వీధిలో ఒకాయనకు యాభై దాటాయి. బాలకృష్ణ సినిమా ఏది, ఏ తేదీన, ఏ సెంటర్లో, ఎన్ని రోజులు ఆడిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. షిఫ్టింగుతో కలిపి నూరు రోజులా, నేరుగా నూరు రోజులా అనే తేడా మీద పెళ్ళిభోజనం విస్తరి ముందు కూర్చుని గంటసేపు మాట్లాడగలడు, మాట్లాడాడు కూడా. ఎవరైనా ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారా? లేదు. ఆయన ‘అభిమాని’. ఆయనకు సంఘం ఉంది, బ్యానర్ ఉంది, పుట్టినరోజుకు కేకు ఉంది. క్రికెట్ స్కోర్లు కంఠతా పెట్టినవాడికీ అంతే. ఆ తీవ్రతతో మనకు ఇబ్బంది లేదు. ఆ తీవ్రత మనకు తెలిసిన వస్తువు మీద, పదిమందితో కలిసి ఉంటే చాలు. వస్తువు వింతదై, పిల్లవాడు ఒంటరివాడైతే అప్పుడు ఫారం తీస్తాం.

మా అక్క కొడుకు వస్తువు బోరు బండ్లు.

వాడికిప్పుడు పదకొండేళ్ళు. దేశంలోనే వాన బాగా తక్కువ పడే ప్రాంతాల్లో మాదొకటి. కాబట్టి వేసవి వస్తే బోరు బండ్లకు కొదవ లేదు. వాటిలో చాలా వాటి మీద టీఎన్ 34 అని ఉంటుంది. అది తమిళనాడులోని తిరుచెంగోడు నంబరు. ఈ సంగతి నాకు చెప్పింది వాడే, ఏడేళ్ళప్పుడు. రాడ్డు ఇరవై అడుగులు. ఆరున్నర అంగుళాల బోరు. కేసింగు ఎక్కడిదాకా దించారు, దుమ్ము ఎర్రగా ఉందా బూడిదరంగులోకి మారిందా, కంప్రెసర్ శబ్దం ఎప్పుడు మారింది, రెండో లారీలో ఇంకెన్ని రాడ్లు మిగిలాయి. వీటి మీద వాడు మాట్లాడేటప్పుడు వాడి చేతులు, ముఖం, గొంతు అన్నీ ఒకేసారి వెలుగుతాయి. మిగతా టైములో, అంటే స్కూల్లో, వాడు కొళాయి కట్టేసినట్టు ఉంటాడు.

అక్క వాణ్ణి తీసుకెళ్ళిన ఒక థెరపీ సెంటర్‌లో ఏం చేశారంటే, మొదటి వారమే వాడి ఇష్టం ఏమిటో అడిగి రాసుకున్నారు. మాకు సంతోషం వేసింది. ఎందుకు రాసుకున్నారో తర్వాత తెలిసింది. కళ్ళల్లోకి చూసి మాట్లాడితే ఒక స్టారు. చేతులు ఆడించకుండా కూర్చుంటే ఒక స్టారు. అయిదు స్టార్లకు పది నిమిషాలు బోరు బండి వీడియో. ఇంట్లో కూడా ఇదే పద్ధతి పాటించాలనీ, వాడికి బోరు బండ్లు ‘ఊరికే’ దొరక్కుండా చూడాలనీ చెప్పారు. బొమ్మ లారీని బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు.

మీ జీవితంలో మీకు బాగా ఇష్టమైనదాన్ని ఒకసారి తలుచుకోండి. మీరు ఈ పత్రిక చదువుతున్నారంటే బహుశా పుస్తకాలే. ఇకనుంచి రోజుకు పది నిమిషాలు మాత్రమే చదవొచ్చు, అదీ మీ మేనేజరు కళ్ళల్లోకి అయిదుసార్లు చూస్తేనే అని ఎవరైనా అంటే ఏమంటారు? పెద్దవాళ్ళ విషయంలో దాన్ని బ్లాక్‌మెయిల్ అంటాం. పిల్లల విషయంలో రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటున్నాం. ఎర వేయడం పనిచేస్తుంది కదా అంటారు. పనిచేస్తుంది. గాలం కూడా పనిచేస్తుంది, చేపనడగండి. రెండు నెలలకు వాడు కళ్ళల్లోకి చూడడం నేర్చుకున్నాడు, లోపల ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టుకుంటూ. ఆ సంగతీ వాడే చెప్పాడు. ఆ లెక్క మీద ధ్యాస ఉండడం వల్ల అవతలి మనిషి ఏమన్నదీ వినపడదు అని కూడా చెప్పాడు. అక్క ఆ సెంటర్ మానిపించింది.

ఇక్కడ నా పక్షం వాళ్ళు సాధారణంగా ఒక వాదన తెస్తారు. ఎక్కాలు రానివాడు రాడ్లను ఇరవైతో గుణించడం నేర్చుకున్నాడు కదా! బండ్ల మీద రాతలు చూసి తమిళ అక్షరాలు గుర్తుపడుతున్నాడు కదా! రేపు వాడు జియాలజిస్ట్ అవుతాడేమో! ఇష్టంలోంచే చదువు చెప్పండి, అద్భుతాలు జరుగుతాయి. ఇవన్నీ నిజమే, వాడు నిజంగానే అలా నేర్చుకున్నాడు. కానీ ఈ వాదన ఒక ఉచ్చు. దీనర్థం ఏమిటి? ఎక్కాలు రాకపోయి ఉంటే బీరువాకు తాళం వేయడం సరైన పనే అని. ఇష్టం అద్దె కడితేనే ఇంట్లో ఉండనిస్తాం అని.

ఆ ఉచ్చు కొత్తది కాదు. దానికి చాలా చీకటి చరిత్ర ఉంది. 1943లో అమెరికాలో లియో కానర్ పదకొండుమంది పిల్లల గురించి రాశాడు. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ రాశాడు. తన పిల్లల్ని చిన్న ప్రొఫెసర్లు అన్నాడనీ, వాళ్ళ ప్రత్యేకమైన ఆసక్తులే వాళ్ళను సమాజానికి పనికొచ్చేవాళ్ళుగా చేస్తాయని వాదించాడనీ మనవాళ్ళు చాలాకాలం ఆయన్ను మెచ్చుకున్నారు. 1944 వియన్నా అంటే ఎవరి ఏలుబడిలో ఉన్న వియన్నా? ‘పనికిరాని’ పిల్లల్ని చంపే పథకం నడుస్తున్న కాలం అది. 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు పాత రికార్డులు తవ్వి చూపించాడు, ఆస్పెర్గర్ కొంతమంది పిల్లల్ని ‘ఆమ్ ష్పీగెల్‌గ్రుండ్’ అనే సంస్థకు పంపమని సిఫార్సు చేశాడని. దాదాపు ఎనిమిది వందలమంది పిల్లలు చనిపోయిన చోటు అది. “వీళ్ళు ప్రతిభ ఉన్నవాళ్ళు, పనికొస్తారు” అనే మాటకు రెండో సగం ఎప్పుడూ ఉంటుంది. ఆ రెండో సగంలో ఎవరుంటారో వియన్నా చెప్పింది.

హిందూపురం వియన్నా కాదని నాకు తెలుసు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ చంపడం లేదు. కానీ ‘జీనియస్ పిల్లలు’ అని ఏప్రిల్ 2న ఆఫీసుల్లో పోస్టర్లు అంటించినప్పుడల్లా నాకు ఆ రెండో సగమే గుర్తొస్తుంది. మాటలు రాని పిల్లవాడు, రోజంతా ఫ్యాను తిరగడం చూస్తూ ఉండేవాడు, దానిలోంచి ఏ ఎక్కమూ ఏ తమిళమూ ఎప్పటికీ రానివాడు, వాడి ఫ్యానును ఎవరు కాపాడతారు?

ఆఫీసు అన్నాను కాబట్టి ఆ మాట కూడా. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక రాత్రి ప్రొడక్షన్ పడిపోయింది. పద్నాలుగు గంటలు కుర్చీలోంచి లేవకుండా బగ్ పట్టుకున్నాను. మంచినీళ్ళు తాగలేదు. తెల్లారి మెయిల్ వచ్చింది, అందరికీ సీసీ పెట్టి, “నీ ఫోకస్ ఒక సూపర్‌పవర్” అని. ఆ తర్వాతి వారమే ఇంకో మెయిల్ వచ్చింది, ఈసారి సీసీలో హెచ్ఆర్ మాత్రమే: మూడు వారాలుగా టైమ్‌షీట్ నింపలేదు, ఇది చివరి హెచ్చరిక. రెండు మెయిళ్ళూ ఒకే బుర్ర గురించే. మొదటిదాన్ని వాడుకుంటాం, రెండోదానికి నువ్వే బాధ్యుడివి అని కంపెనీ ఒప్పందం. సూపర్‌పవర్ అయితే స్విచ్ ఉండాలి కదా. హైపర్‌ఫోకస్‌కు స్విచ్ లేదు. అది వచ్చినప్పుడు గ్యాస్ మీద పాలు పొంగి మాడిపోతాయి, కరెంటు బిల్లు గడువు దాటుతుంది, మూత్రం వస్తోందని కూడా చాలా ఆలస్యంగా తెలుస్తుంది. రావాల్సినప్పుడు రాదు. దాన్ని వరం అనేవాళ్ళు ఒక నెల అద్దెకు తీసుకుని చూడమని నా మనవి.

మన సాహితీమిత్రుల్లో ఇంకో రకం వాళ్ళుంటారు. “ఇవన్నీ ఇప్పటి జబ్బులు. పూర్వం ఇలాంటి పిల్లలకు చేతివృత్తుల్లో చోటుండేది. ధర్మవరం మగ్గం మీద కూర్చోబెడితే అదే హైపర్‌ఫోకస్‌తో పట్టుచీర నేసేవాడు” అంటారు. ఇది వినడానికి ఎంత బాగుంటుందో అంత అబద్ధం. ధర్మవరం గుంటమగ్గంలో ఒకసారి కాళ్ళు దింపి చూడండి. నేతగాడు నేసేది తన ఇష్టాన్ని కాదు, షావుకారు ఇచ్చిన డిజైను. జకార్డు అట్టలు ఎలా చెబితే అలా. చీరకింత అని కూలి. ఈ నెల ఇన్ని చీరలు దిగకపోతే ఇంట్లో గడవదు. దానికి కావాల్సింది తనకు ఇష్టమున్నా లేకపోయినా ప్రతిరోజూ తిరిగొచ్చే ధ్యాస. ఏడీహెచ్‌డీ ఉన్నవాడి దగ్గర లేనిది సరిగ్గా అదే. వాడు ఒక అంచు డిజైను మీద మూడు రాత్రులు నిద్రపోకుండా కూర్చుని, నాలుగో రోజు నుంచి నెలపాటు మగ్గం వైపు చూడలేకపోవచ్చు. ఆ పాత బంగారుకాలంలో వాడికి దొరికిన పేరు హైపర్‌ఫోకస్ కాదు. సోమరి.

అంటే అసలు ఎవరికీ ఎప్పుడూ చోటు దొరకలేదా? కొందరికి దొరికింది. ధర్మవరం ప్రాంతం నుంచే వచ్చిన తిరుమల రామచంద్రగారిని చూడండి. ఆయనకూ నేను పేరు పెట్టను. ఒక మనిషి జీవితమంతా మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి, అక్షరాలు ఎలా మారాయి అనేదాని వెంట తిరిగాడు అంటే ఏమిటో ‘నుడి-నానుడి’, ‘మన లిపి పుట్టు పూర్వోత్తరాలు’ చదివినవాళ్ళకు తెలుసు. గాథాసప్తశతిలో ఎక్కడెక్కడ తెలుగు మాటలు దాక్కున్నాయో వెతికిన మనిషి. తాళపత్రాల వెంట లాహోరు దాకా వెళ్ళారు. నేను అడిగేది ఆయన బుర్ర ఎలాంటిదని కాదు. ఆ పనికి జీతమిచ్చే గ్రంథాలయాలూ పత్రికలూ ఆ రోజుల్లో ఉన్నాయి, ఒక మాట పుట్టుక గురించి రాస్తే అచ్చువేసి చదివే పాఠకులు ఉన్నారు. ఆ చోట్లు కూడా సంస్కృతం చదివే వీలున్న ఇళ్ళ మగపిల్లలకే దొరికాయి. అదే కాలంలో అదే తాలూకాలో గొర్రెలు కాచే పిల్లవాడికి రాళ్ళ మీద అలాంటి ఇష్టమే ఉంటే, ఆడపిల్లకు ముగ్గుల చుక్కల లెక్క మీద ఉంటే, వాళ్ళ పేర్లు మన దగ్గర లేవు. ఆడపిల్లల్లో ఇప్పటికీ ఇది కనిపెట్టలేకపోతున్నారు. గుర్రాల మీదో సీరియల్ నటి మీదో ఇష్టమైతే “అమ్మాయిలంతే” అనేస్తారు.

పోయినేడు వేసవిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. నా వాదనకు ఇది అనుకూలమో కాదో నాకు తెలీదు. పెనుకొండ దగ్గర బావగారి ఊళ్ళో ఒక పెద్దాయన పొలంలో బోరు వేస్తున్నారు. టెంకాయ పట్టి పాయింటు చూపించారు, పూజ చేశారు. వాణ్ణి తీసుకెళ్ళాను. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గట్టు మీద నిలబడి రాడ్లు లెక్కపెడుతున్నాడు. ఆరువందల అడుగులు దాటాక పొలంలో మాటలు ఆగిపోయాయి. ఎనిమిది వందల తర్వాత ఇంటి ఆడవాళ్ళు పక్కకు వెళ్ళి కూర్చున్నారు. అప్పుడు వీడు అరిచాడు, ఎగురుతూ, “నలభై అయిదు! మామా, తొమ్మిదినూర్లు!”

పెద్దాయన తమ్ముడు నా వైపు తిరిగి, “ఈ పిల్లోన్ని ఈడ్నించి పిల్సకపో సామీ. మా కొంప మునుగుతాంటే వానికి లెక్కలు కావల్సినాయా” అన్నాడు. ఆ మనిషిని నేను తప్పుపట్టను. దుమ్ము మాత్రమే లేస్తున్న ఆ గుంతలో ఆయన అప్పు దిగుతోంది. “ఇలాంటి పిల్లలకు పక్కవాళ్ళ బాధ తెలీదు” అనే మాట వినడం నాకు కొత్త కాదు, ఆ రోజు దానికి సాక్ష్యం దొరికినట్టే కనబడింది. వాణ్ణి పక్కకు తీసుకెళ్ళి, నీళ్ళు పడలేదనీ వాళ్ళకు చాలా కష్టంగా ఉందనీ చెప్పాను. “పడలేదని నాకు తెలుసు, దుమ్ము తడి కాలేదు” అన్నాడు. కాసేపాగి ఆ పెద్దాయన దగ్గరికి నడుచుకుంటూ పోయి, “తాతా, ఇంతకుముందు బోర్లు ఎన్ని అడుగులు వేసినావు?” అని అడిగాడు. నాకు గుండె ఆగినంత పనయింది. ఆయన వాణ్ణి చూసి, తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిది నూటా ఎనభై, నాయన ఉన్నప్పుడు, అప్పుట్లో నీళ్ళు ఎగిరి పడినాయి. రెండోది నాలుగునూర్లు. మూడోది కూతురు పెండ్లి ఏడు. నాలుగోది, అయిదోది. వీడు ప్రతి అంకెనూ తిరిగి పలుకుతున్నాడు. అరగంట మాట్లాడుకున్నారు. ఆయన ఎందుకు చెప్పాడో, వాడు ఎందుకు అడిగాడో నేను వ్యాఖ్యానం చేయను. సానుభూతి అనే మాటను ఎవరు ఎలా నిర్వచిస్తారో నాకు తెలుసు, ఆ నిర్వచనం కింద ఈ అరగంట రాదని కూడా తెలుసు.

ఇక చట్టం వైపు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇరవై ఒక్క వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం ఉంది. ఏడీహెచ్‌డీ లేదు. మా అక్క కొడుక్కి సర్టిఫికెట్ వచ్చింది ఆటిజం పేరు మీదే. పరీక్షల్లో గంటకు ఇరవై నిమిషాలు అదనపు సమయం దాని వల్ల దొరుకుతుంది. మంచిదే. కానీ పుట్టపర్తివారికి ఆ రోజు గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇచ్చి ఉంటే ఏం జరిగేది? నలభైకి బదులు యాభై మూడు పేజీలు అయ్యేవి, అదే రెండు మార్కుల ప్రశ్నకు. బోరు దిగుతున్నప్పుడు ఎక్కువ టైమిస్తే ఎక్కువ లోతు పోతుంది తప్ప పక్క పొలానికి పోదు. కావాల్సింది ఒక మనిషి. ఇన్విజిలేటర్ దగ్గరికొచ్చి భుజం మీద మెల్లగా తట్టి, “స్వామీ, రెండో ప్రశ్నకు రండి. ఈ కాగితాలు పారేయను, పరీక్ష అయ్యాక మీరే కూర్చుని పూర్తి చేద్దురుగానీ” అనాలి. ఖర్చు లేని పని. మా వాడి స్కూల్లో ఇదే అడిగాను. ఇష్టాన్ని లాక్కోవద్దు, ఎర వేయొద్దు, మధ్యలో తెంచాల్సి వస్తే అయిదు నిమిషాల ముందు చెప్పండి, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో కూడా చెప్పండి అని. ప్రిన్సిపాల్ శ్రద్ధగా విని, “సార్, మీవాడిలో టాలెంట్ ఉందంటారా?” అని అడిగారు. ఉంటే అలా చేస్తామని ఆయన భావం. ఉందో లేదో సంబంధం లేదని చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఒప్పుకున్నారో లేదో నేను చెప్పలేను.

మన దేశంలో ఆటిజం సర్టిఫికెట్‌కు వాడే కొలబద్ద పేరు ఐసా. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసింది. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు. మొత్తం డెబ్బై వస్తే ఆటిజం ఉన్నట్టు. చివరి అంశాల్లో ఒకటి, అసాధారణమైన జ్ఞాపకశక్తి ఉందా? ఇంకొకటి, ‘సావంట్’ ప్రతిభ, అంటే ఏదో ఒకదాంట్లో అబ్బురపరిచే సామర్థ్యం ఉందా? ఉంటే అంకె పెరుగుతుంది, అంకెతోపాటు వైకల్యమూ పెరుగుతుంది. సభల్లో చప్పట్లు వచ్చేదీ ఫారంలో పాయింట్లు వచ్చేదీ ఒకదానికే.

వాడి సర్టిఫికెట్ రెన్యువల్‌కు వచ్చింది. అక్క మొన్న ఫోన్ చేసి అడిగింది, జ్ఞాపకశక్తి ప్రశ్న దగ్గర ఏం చెప్పాలి అని. ఉందంటే వైకల్యం అవుతుంది, లేదంటే అబద్ధం అవుతుంది, పోయినసారి ఏం చెప్పిందో గుర్తులేదంది. పక్కనుంచి వాడు వింటున్నట్టున్నాడు, “మూడు వేసినారు” అన్నాడు.